సగం సినిమా

ఆ రోజు పొద్దున జిప్పులమ్మ వేసుకున్న పథకంలో దెయ్యాలకు చోటు లేదు. పాపను లేపాలి, ఏడో ఎక్కం ఒక్కసారి చెప్పించాలి, పాలు తాగించాలి, ఇస్త్రీ గౌను తొడిగి పది గంటలకల్లా పెద్ద బడికి చేర్చాలి. అక్కడ ప్రిన్సిపాల్ మేడమ్ తల్లిదండ్రుల ముందే పిల్లను నాలుగు మాటలు అడుగుతారు. నచ్చితే మూడో తరగతిలో సీటు. నచ్చకపోతే మళ్ళీ ఏడాది దాకా ఆ గేటు వైపు చూడనక్కర్లేదు.

ప్యాంట్లకూ బ్యాగులకూ జిప్పులు మార్చి, అంచులు మడిచి కుట్టి ఇస్తుంది కాబట్టి వీధిలో ఆమెకు ఆ పేరు పడింది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించి మిషను ముందు కూర్చోబెట్టారు. అప్పుడు కూర్చున్నది ఇంకా లేవలేదు. కూతురు మాత్రం లేచి నడవాలి, ఆ పెద్ద గేటులోంచే నడవాలి అని ఆమె పట్టుదల. కూతురు సన్నగా, నిటారుగా, ముట్టుకుంటే గుచ్చుకునేట్టు ఉంటుందని మేనత్త గుండుసూది అని పిలుస్తుంది. ఆరు నెలలుగా గుండుసూది ఎక్కాలు చెబుతుంటే జిప్పులమ్మ మిషను తొక్కుతూ వింటోంది. తప్పు వచ్చినచోట బట్టలు కొలిచే చెక్క స్కేలుతో బల్ల మీద టప్పున కొడుతుంది. దెబ్బ ఎప్పుడూ పిల్ల మీద పడలేదు. ఉలికిపాటు మాత్రం పిల్లదే.

అంతా సవ్యంగానే ఉండేది, ముందు రోజు మధ్యాహ్నం ఆడపడుచుకు సెలవు లేకపోయి ఉంటే.

ఆడపడుచు ఆ ఇంట్లోనే ఉంటుంది, సూపర్ మార్కెట్‌లో బిల్లులు కొడుతుంది, సెలవు దొరికితే టీవీలో దెయ్యం సినిమాలు చూస్తుంది. "పాప పడుకుందిగా వదినా, తోడు కూర్చో. ఒక్కదాన్నే చూడాలంటే నాకు భయం" అని కర్టెన్లు మూసింది. జిప్పులమ్మ చేతిలో ఒక ప్యాంటు పట్టుకుని, కుట్టుకుంటూ చూద్దాంలే అనుకుని కూర్చుంది. అరగంటకు సూది ఆగిపోయింది.

సినిమాలో ఒక తల్లి. కూతురు ఫస్టు రావాలి. ఒక్క మార్కు తగ్గినా పిల్లను గోడకు ఎదురుగా నిలబెడుతుంది. ఆ గోడలో ఇంతకుముందు నిలబడిన పిల్లలు ఎవరో ఉన్నారు, వాళ్ళు ఈ పిల్లతో గుసగుసలాడతారు. రోజులు గడిచేకొద్దీ ఆ పిల్ల మారిపోతుంది. అల్లరి లేదు, మారాం లేదు, తల తనే దువ్వుకుంటుంది, పెట్టింది తింటుంది. ఇంట్లో వాళ్ళ బొమ్మ గీస్తే ఎవరికీ నోళ్ళు ఉండవు. తల్లి మురిసిపోతుంటే పిల్ల గోడవైపు తిరిగి నెమ్మదిగా నవ్వుతుంది. ఇంతలో ఇంటర్వెల్.

జిప్పులమ్మను గోడ భయపెట్టలేదు. ఆ సినిమా తల్లి చేతిలో ఉన్నది చెక్క స్కేలు. ఆమె దాన్ని బల్ల మీద కొట్టిన చప్పుడు కూడా అదే.

"ఇక చాలు, నావల్ల కాదు" అని లేచి, కుట్టిన ప్యాంట్లు మూటకట్టుకుని కొట్లో ఇచ్చి రావడానికి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేసరికి సినిమా అయిపోయింది. పాప లేచి ఉంది. అలవాటు ప్రకారం వచ్చి ఎక్కం అప్పజెప్పడానికి నిలబడింది. ఆ నిలబడటం చూసి జిప్పులమ్మకు సినిమాలో గోడ ముందు నిలబడిన పిల్ల గుర్తొచ్చింది. "వద్దులే తల్లీ, ఇవాళ్టికి చాలు. పోయి ఆడుకో" అని తల నిమిరింది.

పాప కదల్లేదు. తల్లి ముఖంలోకి చాలాసేపు చూసి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

ఇదీ జరిగింది. అందుకే ఆ పొద్దున పాపను లేపుదామని వెళ్ళిన జిప్పులమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. లేపాల్సిన పాప లేచి కూర్చుని ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. జుట్టు తడిపి, పాపిడి సూటిగా తీసి దువ్వుకుని ఉంది.

"ఎవరు దువ్వారే?" అంది జిప్పులమ్మ.

"నేనే."

రోజూ దువ్వెన కనబడితే మంచం కిందికి దూరే పిల్ల! జిప్పులమ్మ వెనక్కి తిరిగింది. వంటింట్లోకి వెళ్ళి పాలు తెచ్చింది. పైన మీగడ తేలుతోంది. మీగడ ఉంటే గ్లాసు ముట్టుకోని పిల్ల, తల్లినే చూస్తూ, రెప్ప వేయకుండా, మీగడతో సహా తాగేసింది.

"తాగేశానండీ" అంది.

కన్నతల్లిని పట్టుకుని అండీ!

లిఫ్టు మెకానిక్ అయిన మొగుడు బూట్లు తుడుచుకుంటూ ఇదంతా చూసి మురిసిపోయాడు. "చూశావా, పెద్ద బడి గాలి అప్పుడే సోకింది!"

"ఏవండీ, ఇలా రండి" అని మూలకు లాక్కెళ్ళింది. "పాప ఏదోలా ఉంది. పొద్దున్నుంచి ఒక్క పేచీ లేదు."

"పేచీ పెడితే ఏడుస్తావు, పెట్టకపోతే ఏడుస్తావు. నీకేం కావాలే?" అన్నాడు. తర్వాత పనిమంతుడిలా కాస్త ఆలోచించి, "అయినా లిఫ్టులు కూడా ఇంతే. రోజూ కిర్రుమనేది ఉన్నట్టుండి చప్పుడు మానేసిందంటే, అప్పుడు భయపడాలి" అన్నాడు. ఆ మాట అనేసి, దారిలో ఒక లిఫ్టు చూసి నేరుగా బడికే వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

జిప్పులమ్మ ముందుగా స్కేలు తీసి బీరువా పైన, పాత పెట్టె వెనక్కి తోసేసింది. పాప వచ్చి మిషను బల్ల వైపు చూసింది.

"స్కేలేదీ?"

"స్కేలు లేదు, ఏమీ లేదు. ఇకనుంచి అమ్మ నిన్ను ఏమీ అనదు. సరేనా, బంగారూ?"

పాప ముఖంలో రంగు పోయింది. బంగారూ అనే మాట ఆ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తేనే వినబడుతుంది. పిల్ల కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుంది. ఇంట్లోవాళ్ళ బొమ్మ గీసి తెమ్మని బడివాళ్ళు ముందే చెప్పారు. కాసేపటికి జిప్పులమ్మ భుజం మీదుగా తొంగి చూసింది. నాన్నకు చేతిలో పానా ఉంది. అత్తకు చేతిలో ఫోను ఉంది. అమ్మకు మాత్రం ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వు ఉంది. ఆ నవ్వులో పళ్ళు రెండు వరుసలు.

"ఇన్ని పళ్ళేమిటే?"

"నవ్వుతున్నారు కదండీ" అంది పాప, తల ఎత్తకుండా.

ఈ బొమ్మ ప్రిన్సిపాల్ చూస్తే ఇంకేమైనా ఉందా? పాప చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే జిప్పులమ్మ రబ్బరు తీసుకుని ఆ పళ్ళన్నీ చెరిపేసింది. చక్కటి చిన్న నోరు ఒకటి గీద్దామని పెన్సిలు పట్టుకునేలోగా పాప వచ్చేసింది. బొమ్మ చూసింది. అమ్మకు నోరు లేదు. పాప ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో అంచు పట్టుకుని సంచిలో పెట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది జిప్పులమ్మకు, సినిమాలో కూడా నోళ్ళు లేని బొమ్మే. తన చేత్తో తనే పూర్తి చేసి పెట్టింది.

గౌను తేవడానికి పక్క గదిలోకి వెళ్ళి వచ్చేసరికి పాప గోడకు ఎదురుగా నిలబడి ఉంది. చెంప గోడకు ఆనించి, అరచేత్తో మెల్లగా తడుతోంది. తట్టి, వింటోంది. మళ్ళీ తట్టి, వింటోంది.

జిప్పులమ్మ పెట్టిన కేకకు ఆడపడుచు ఒక కంటికి కాటుక పెట్టుకుని, రెండో కంటికి పెట్టుకోకుండానే పరుగెత్తుకొచ్చింది. ఆమెను వంటింట్లోకి ఈడ్చుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది జిప్పులమ్మ.

"నిజం చెప్పు. నిన్న పాప ఆ సినిమా చూసిందా?"

"అబ్బే! నువ్వుండగా చూడలేదు వదినా."

అది అబద్ధం కాదు. కానీ ఉన్న నిజమంతా కాదు. జిప్పులమ్మకు అంత దూరం ఆలోచించే తీరిక లేదు.

"పోనీ, ఇంటర్వెల్ తర్వాత ఏమవుతుంది? ఆ పిల్ల బాగవుతుందా?"

ఆడపడుచు కళ్ళు తిప్పుకుంది. "మారేది పిల్ల కాదు వదినా. తల్లే మారిపోతుంది. తిట్టడం మానేస్తుంది. చాలా మంచిదైపోతుంది... కానీ..."

"చాలు, చాలు" అంది జిప్పులమ్మ. ఆమె గుండెల మీంచి బండ దింపినట్టయింది. తల్లి మంచిదైతే పిల్ల దారికొస్తుందన్నమాట! ఇంత తేలికైన మందు చేతిలో పెట్టుకుని పొద్దున్నుంచి ఇంత అవస్థ పడింది. "కానీలు తర్వాత. బస్సు పోతుంది, రెండో కంటికి కూడా పెట్టుకుని రా."

బస్సులో మందు రెట్టింపు మోతాదులో పడింది. జిప్పులమ్మ పాపను పక్కన కూర్చోబెట్టుకుని, చేయి నిమురుతూ, దిగేదాకా నవ్వుతూనే ఉంది. పాప చేయి చల్లగా ఉంది.

"ఏడో ఎక్కం చెప్పనా?" అంది పాప, అడగాలో వద్దో అన్నట్టు.

"వద్దమ్మా. నీకు ఇష్టమైతేనే."

"అక్కడ తప్పు చెబితే?"

"చెప్పు. తప్పైనా ఫర్వాలేదు."

"నేను అత్త దగ్గర కూర్చుంటానండీ" అని లేచి వెళ్ళి, మేనత్త చున్నీ కొస పిడికిట్లో బిగించి పట్టుకుంది. మేనత్త కిటికీలోంచి బయటికి చూస్తూ, దారిలో ఉన్న దుకాణాల పేర్లన్నీ మహా శ్రద్ధగా చదువుకుంది.

బడి వరండాలో నేల అద్దంలా ఉంది. జిప్పులమ్మ చెప్పుల చప్పుడు తనకే ఎక్కువగా వినబడుతోంది. మొగుడు వచ్చేశాడు. చేతులకు గ్రీజు పోలేదని జేబుల్లో దాచుకున్నాడు. ఆడపడుచును బెంచీ మీద కూర్చోబెట్టి ముగ్గురూ లోపలికి వెళ్ళారు. ప్రిన్సిపాల్ మేడమ్ తెల్ల జుట్టు, సన్న కళ్ళజోడు, నెమ్మదైన మనిషి. ఎదురుగా మూడు కుర్చీలు. పాప మధ్య కుర్చీలో కూర్చోకుండా నాన్న అవతలి కుర్చీకి వెళ్ళింది.

మేడమ్ బొమ్మ తీసుకుని చూశారు. "బాగా గీశావే! మరి అమ్మకు నోరేదమ్మా?"

"పొద్దున ఉందండీ" అంది పాప. "తర్వాత పోయింది."

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని జిప్పులమ్మను చూశారు. జిప్పులమ్మ నవ్వింది. ఆ పరిస్థితిలో ఆమెకు చేతనైంది అదొక్కటే.

"ఇందాకట్నుంచీ పెదాలు కదుపుతున్నావు, ఏం చదువుకుంటున్నావు?"

"ఏడో ఎక్కమండీ."

"అలాగా, ఏదీ చెప్పు."

పాప మేడమ్ వైపు చూడలేదు. నాన్న కడుపు మీదుగా మెడ సాచి, తల్లి ముఖం మీదే చూపు నిలిపి మొదలుపెట్టింది. "ఏడు ఒకట్ల ఏడు."

జిప్పులమ్మ తలూపింది.

"ఏడు రెళ్ళు... పదహారు."

జిప్పులమ్మ ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. కుడిచేయి అలవాటు కొద్దీ స్కేలు కోసం ఒడిలో వెతికింది. దాన్ని ఎడమచేత్తో అదిమి పట్టుకుని, నవ్వింది.

"ఏడు మూళ్ళు పదమూడు."

ఆరు నెలలు! మిషను చప్పుడు మీదుగా అరిచిన ఆరు నెలలు! జిప్పులమ్మ దవడలు నొప్పి పుట్టేలా ఇంకా నవ్వింది. మొగుడు దగ్గాడు. మేడమ్ చేతిలో పెన్ను ఆగింది.

"ఏడు నాలుగుల..." పాప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రెండు."

"ఫర్వాలేదు బంగారూ!" అంది జిప్పులమ్మ. ఆమె కళ్ళలోనూ నీళ్ళే. "నువ్వెన్ని తప్పులు చెప్పినా అమ్మకు ముద్దే. రా తల్లీ, నా దగ్గరికి రా" అని రెండు చేతులూ చాచింది.

పాప పెట్టిన అరుపు వరండాలో చివరి గది దాకా వినబడింది. కుర్చీ దొర్లింది. కళ్ళు మూసి తెరిచేలోగా పిల్ల మేడమ్ బల్ల కింద దూరి, ఆవిడ కాళ్ళు రెండూ కావలించుకుంది.

"ఈమె మా అమ్మ కాదు! నన్ను తీసుకెళ్ళిపోతుంది! ఇవ్వొద్దండీ!"

మేడమ్ చేయి మెల్లగా వెళ్ళి గంట నొక్కింది. వాచ్‌మన్ వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మీరు పాపకు ఏమవుతారు?" అన్నారు మేడమ్. గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు.

"అమ్మనండీ! కన్నతల్లినండీ!"

"నేను నాన్ననండీ" అని మొగుడు కంగారులో రెండు చేతులూ జేబుల్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. నల్లటి ఆ పది వేళ్ళనూ చూసి మేడమ్ కుర్చీ వెనక్కి జరుపుకుందామనుకున్నారు కానీ, కాళ్ళు పాప దగ్గర ఉన్నాయి.

"నాన్న నాన్నే" అంది బల్ల కింద గొంతు. "ఆవిడే కాదు."

మేడమ్ అతన్ని ఎగాదిగా చూశారు. ఇంకో రకం అనుమానం ఆవిడ ముఖంలోకి వచ్చింది. "అంటే, మీరు మళ్ళీ..."

"లేదండీ! నాకు ఉన్నది ఒక్కతే! ఇదే!"

"చూడమ్మా" అని మేడమ్ కిందికి వంగారు. "మరి మీ అసలమ్మ ఎక్కడుంది?"

"గోడలో."

మేడమ్ నిటారుగా అయ్యారు. వాచ్‌మన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. మేడమ్ పాప నాన్న చేతులను ఇంకోసారి చూసి, ఫోను మీద చేయి వేశారు. ఆ చేతిని చూస్తూ జిప్పులమ్మకు ఒక్క క్షణంలో అంతా కళ్ళకు కట్టింది. సీటు పోయింది. పరువు పోయింది. ఇప్పుడు పిల్లను కూడా ఎవరో చేయి పట్టుకుని తీసుకుపోతారు. పోలీసులకు తనేం చెబుతుంది? ఎవరి గోడ? ఏ గోడ?

గోడ.

"ఏమే" అంది జిప్పులమ్మ. ఆ గొంతు పొద్దున్నుంచి ఎవరూ విన్నది కాదు. "నువ్వు నిన్న ఆ సినిమా చూశావా?"

బల్ల కింద ఒక కాలు ఇంకాస్త లోపలికి ముడుచుకుంది.

"చూశావా లేదా? నిద్రపోవే అంటే లేచి దెయ్యం సినిమా చూస్తావా! ఏడు రెళ్ళు పదహారా? ఎవరు నేర్పారే నీకు పదహారు? ఆర్నెల్లు నా గొంతు అరగదీసుకున్నది ఇందుకా! ముందు బయటికి రా! నేల మీద దొర్లుతున్నావు, ఆ గౌను ఎవరు ఉతుకుతారు, మీ ప్రిన్సిపాల్ మేడమ్ ఉతుకుతారా!"

బల్ల కింది నుంచి ముందు ఒక చేయి వచ్చింది. తర్వాత చెదిరిన పాపిడి. తర్వాత గుండుసూది మొత్తం. పిల్ల ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా!" అని ఒక్క దూకు దూకి తల్లి మెడకు వేలాడింది. "నువ్వే! నువ్వేనే!" అని, ఎవరూ అడగకుండానే, తల్లి చెవిలో ఊపిరి తీసుకోకుండా ఏడు ఒకట్ల ఏడు నుంచి ఏడు పదుల డెబ్భై దాకా ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది.

మేడమ్ ఫోను మీంచి చేయి తీశారు. వాచ్‌మన్ వెళ్ళి బెంచీ మీద నుంచి ఆడపడుచును పిలుచుకొచ్చాడు. ఆమె ఒక్కో మాటా కక్కింది. ఇంటర్వెల్‌లో వదిన వెళ్ళగానే పాప లేచి వచ్చింది. ఒక్కదానికే భయమేసి పక్కన కూర్చోబెట్టుకుంది. అమ్మకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. రెండో సగంలో గోడలో ఉన్నది బయటికొచ్చి తల్లి వేషం వేసుకుంటుంది. అసలు తల్లి గోడలో ఇరుక్కుంటుంది. వేషం వేసుకున్నది తిట్టదు, తీయగా మాట్లాడుతుంది. పిల్ల కావాలని తప్పులు చెప్పి పరీక్షిస్తుంది. అది నవ్వుతూ ఫర్వాలేదని చేతులు చాస్తుంది. ఆ చేతుల్లోకి వెళ్ళిన పిల్ల మళ్ళీ కనబడదు.

"పొద్దున చెబుదామనే అనుకున్నా వదినా. నువ్వే కానీలు తర్వాత అన్నావు" అని ముక్కు చీదుకుంది.

మేడమ్ నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తుడుచుకుంటూ పాపను అడిగారు. "సరే కానీ, ఇప్పుడు ఈవిడే మీ అమ్మ అని ఎలా గుర్తుపట్టావు?"

"తిట్టింది కదండీ" అంది పాప తేలిగ్గా. "తప్పు చెబితే మా అమ్మ నవ్వదు."

మొగుడు నవ్వాడు. ఆడపడుచు నవ్వింది. గుమ్మంలో వాచ్‌మన్ కూడా నవ్వాడు. జిప్పులమ్మ మాత్రం నవ్వలేకపోయింది. సినిమా తల్లి చేతిలో స్కేలు చూసినప్పుడు కూడా ఆమె గుండెలో ఏదీ ఇంత సూటిగా దిగలేదు. గుండుసూది అని ఊరికే అనలేదు ఆ పిల్లను.

మేడమ్ అది చూశారు కాబోలు, గొంతు తగ్గించారు. "సీటు ఇస్తున్నానమ్మా. బల్ల కింద దూరేముందు పెద్దవాళ్ళకు పరీక్ష పెట్టే పిల్లలు నాకు తరచుగా దొరకరు. ఒక్క మాట. మా బడిలో చేర్చుకునేటప్పుడు ఎక్కాలు అడగం. పెదాలు ఎందుకు కదులుతున్నాయా అని అడిగానంతే."

ఆరు నెలలు ఒక్కొక్కటిగా జిప్పులమ్మ కళ్ళ ముందు నుంచి వెళ్ళాయి, మిషను చప్పుడుతో సహా.

ఆ సాయంత్రం జిప్పులమ్మ మిషను ముందు కూర్చుంది. స్కేలు మళ్ళీ బల్ల మీదికి వచ్చింది, ప్యాంట్లు కొలవడానికి మాత్రమే అని ఇంట్లో అందరికీ చెప్పింది. పాప వచ్చి, అడగకుండానే ఎనిమిదో ఎక్కం ఎత్తుకుని, ఎనిమిది ఆరుల దగ్గర తడబడి నలభై ఆరు అనేసి టక్కున నాలుక కరుచుకుంది. జిప్పులమ్మ మిషను ఆపింది. తిట్టకుండా ఉండటానికి ఎంత తంటాలు పడిందో ఆమె మెడ నరాలకే తెలుసు. "నలభై ఎనిమిది" అంది మెల్లగా. తర్వాత, కొత్త గుడ్డ మీద మొదటి కత్తెర వేసేటప్పుడు ఉండేంత జాగ్రత్తతో, నవ్వడానికి పెదాలు కొంచెం కదిలించింది.

"ఆగు!" అంది పాప. స్కేలు తీసుకుని వెళ్ళి గోడను ఆ చివర నుంచి ఈ చివర దాకా తట్టి, విని, తిరిగి వచ్చి, "గట్టిగానే ఉందమ్మా. ఇప్పుడు నవ్వుకో" అని అనుమతి ఇచ్చింది.